ఫైల్ ఎక్స్‌టెన్షన్లు, డిస్క్ ఇమేజ్ ఫార్మాట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

డౌన్‌లోడ్ చేసిన ఫైలు తెరుచుకోదు. ఐఎస్ఓ (డిస్కు మొత్తం నకలు ఉన్న ఫైలు) మౌంట్ కాదు, అంటే డ్రైవుగా తెరుచుకోదు. రాసిన డిస్కు బూట్ కాదు. ఇలాంటి ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒకటే: పేరు చివరనున్న మూడు అక్షరాలను నమ్మి, లోపల నిజంగా ఏముందో చూడకపోవడం. కింది జవాబుల్లో వీలైనచోటల్లా లోపలికి ఎలా చూడాలో చెప్పాం.

ఫైల్ ఎక్స్‌టెన్షన్ అంటే ఏమిటి?

ఫైలు పేరులో చివరి చుక్క తర్వాత వచ్చే భాగం. "నివేదిక.పీడీఎఫ్"లో పీడీఎఫ్ అనేది ఎక్స్‌టెన్షన్. అది పేరులో భాగమే తప్ప ఫైలులోని డేటాలో భాగం కాదు. విండోస్ ఆ భాగాన్ని చూసి ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో, ఏ ఐకాన్ చూపించాలో నిర్ణయిస్తుంది.

మూడు అక్షరాల అలవాటు ఎంఎస్-డాస్ కాలం నాటిది. పేరుకు 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు 3 అక్షరాలు మాత్రమే ఉండేవి. అందుకే జేపీఈజీ కాస్తా .జేపీజీ అయింది, హెచ్‌టీఎంఎల్ కాస్తా .హెచ్‌టీఎం అయింది. విండోస్ 95తో పొడవైన పేర్లు వచ్చినా పాత అలవాటు పోలేదు. లినక్స్‌లో ఒక ఫైలు ప్రోగ్రామా కాదా అన్నది ఎక్స్‌టెన్షన్ తేల్చదు, ఎగ్జిక్యూట్ అనుమతి తేలుస్తుంది. పైగా అక్కడ పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ తేడా ఉంది. పెద్ద అక్షరాల్లో రాసిన .జేపీజీ, చిన్న అక్షరాల్లో రాసిన .జేపీజీ ఒకే ఫోల్డర్‌లో రెండు వేర్వేరు ఫైళ్లుగా ఉండగలవు.

నా కంప్యూటర్‌లో ఎక్స్‌టెన్షన్లే కనబడటం లేదు. ఎందుకు?

తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను విండోస్ మామూలుగా దాచేస్తుంది. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" ఎంచుకోండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే అదే పేరుతో టిక్ పెట్టే గడి ఉంటుంది. మ్యాక్‌లో ఫైండర్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ విభాగంలో ఉంటుంది.

కొత్త కంప్యూటర్‌లో ముందుగా మార్చాల్సిన సెట్టింగ్ ఇదేనని మా గట్టి అభిప్రాయం. ఎక్స్‌టెన్షన్ దాగి ఉన్నప్పుడు "బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్ఈ" అనే ఫైలు "బిల్లు.పీడీఎఫ్"గా మాత్రమే కనిపిస్తుంది. దానికి పీడీఎఫ్ ఐకాన్ తగిలించడం పెద్ద పని కాదు. నొక్కితే తెరుచుకునేది పత్రం కాదు, నడిచేది ప్రోగ్రామ్. ఎక్స్‌టెన్షన్లు కనిపిస్తున్నా ఇంకో మోసం మిగిలి ఉంది: అక్షరాల దిశను కుడి నుంచి ఎడమకు తిప్పే కంటికి కనబడని యూనికోడ్ అక్షరాన్ని పేరులో పెట్టి, అసలు ఎక్స్‌టెన్షన్ పేరు మధ్యలో ఉన్నట్టు చూపిస్తారు. అనుమానం కలిగితే ఎక్స్‌ప్లోరర్‌ను డీటెయిల్స్ వ్యూలోకి మార్చి "టైప్" నిలువు వరుస చూడండి. అక్కడ "అప్లికేషన్" అని ఉంటే పేరు ఏం చెప్పినా అది ప్రోగ్రామే.

ఎక్స్‌టెన్షన్ మారిస్తే ఫార్మాట్ మారుతుందా?

మారదు. పేరు మారుతుంది, లోపలి బైట్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. .పీఎన్‌జీని .జేపీజీ అని మార్చినా బొమ్మ తెరుచుకుంటోందంటే, ఆ ప్రోగ్రామ్ పేరును పట్టించుకోకుండా లోపలి గుర్తును చూసిందని అర్థం.

అయితే పేరు మార్చడమే సరైన పని అయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఒకే డేటాకు వేర్వేరు పేర్లు పెట్టినప్పుడు అది పనిచేస్తుంది: .జేపీఈజీని .జేపీజీ చేయడం, లోపలి అమరిక సరిగ్గా ఐఎస్ఓలాగే ఉన్న .ఐఎంజీనో .ఎండీఎఫ్‌నో .ఐఎస్ఓ చేయడం. అమరిక అదేనా కాదా అన్నది ఎలా తేల్చాలో సెక్టర్ల ప్రశ్నలో ఉంది.

ఎక్స్‌టెన్షన్ లేని, లేదా తప్పుగా ఉన్న ఫైలు అసలు రకం ఎలా తెలుస్తుంది?

చాలా ఫార్మాట్లు తమ మొదటి బైట్లలో ఒక గుర్తు పెట్టుకుంటాయి. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతో, వెంటనే పీడీఎఫ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. జిప్ ఫైలు "పీకే"తో మొదలవుతుంది. అవి జిప్‌ను రూపొందించిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. విండోస్ ప్రోగ్రామ్ "ఎంజెడ్"తో మొదలవుతుంది, అది మార్క్ జిబికోవ్‌స్కీ పేరు నుంచి వచ్చింది. .డాక్స్, .ఎక్స్ఎల్ఎస్ఎక్స్, .ఏపీకే ఫైళ్లు కూడా "పీకే"తోనే మొదలవుతాయి, ఎందుకంటే అవన్నీ లోపల జిప్‌లే. కాబట్టి పాడైన .డాక్స్ నకలుకు .జిప్ అని పేరు పెట్టి విప్పితే అందులోని బొమ్మలైనా దక్కే అవకాశం ఉంది.

లినక్స్‌లో, మ్యాక్‌లో టెర్మినల్ తెరిచి "ఫైల్" కమాండ్ పక్కన ఫైలు పేరు ఇస్తే రకం చెప్పేస్తుంది. విండోస్‌లో హెచ్ఎక్స్‌డీ లాంటి హెక్స్ ఎడిటర్‌తో (ఫైలులోని బైట్లను అంకెలుగా చూపే ప్రోగ్రామ్) తెరిచి మొదటి వరుస చూడవచ్చు.

ఐఎస్ఓ మాత్రం ఈ పద్ధతికి లొంగదు. దాని మొదటి 16 సెక్టర్లు (సెక్టర్ అంటే డిస్కు మీద డేటాను పెట్టే చిన్న ముక్క), అంటే 32,768 బైట్లు, వ్యవస్థ కోసం వదిలిపెట్టినవి. అక్కడ సున్నాలే ఉండవచ్చు. బైట్లను సున్నా నుంచి లెక్కిస్తే గుర్తు 32,769వ స్థానంలో ఉంటుంది: ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో "సీడీ001". మొదటి పేజీ అంతా సున్నాలే ఉన్నాయని ఐఎస్ఓ పాడైపోయిందనుకోకండి.

డిస్క్ ఇమేజ్‌కూ జిప్‌కూ తేడా ఏమిటి?

జిప్ అనేది ఫైళ్లను మాత్రమే తీసుకుంటుంది. డిస్క్ ఇమేజ్ డిస్కును మొదటి సెక్టర్ నుంచి చివరి సెక్టర్ దాకా నకలు చేస్తుంది: ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి), బూట్ కోడ్, వాల్యూమ్ పేరు అన్నీ వస్తాయి. డిస్కులోని ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి తిరిగి రాసినా అది బూట్ కాకపోవడానికి కారణం ఇదే. బూట్ సమాచారం ఫోల్డర్లలో కనిపించే ఫైలు కాదు.

2048, 2352, 2448 అంకెలు ప్రతిచోటా కనిపిస్తున్నాయి. వాటితో మనకేం పని?

ఇమేజ్ ఫార్మాట్లన్నిటి గుట్టూ ఇక్కడే ఉంది, అందుకే కాస్త వివరంగా చూద్దాం. సీడీ మీద ఒక సెక్టర్ మొత్తం 2352 బైట్లు. ఆడియో సీడీలో ఆ 2352 బైట్లూ సంగీతమే. సెకనుకు 44,100 నమూనాలు, రెండు చానళ్లు, ఒక్కో నమూనాకు 2 బైట్లు కలిపితే 1,76,400 బైట్లు; సెకనుకు 75 సెక్టర్లు కాబట్టి భాగిస్తే సరిగ్గా 2352 వస్తుంది.

డేటా సీడీలో, అంటే మోడ్1లో, ఆ చోటును ఇలా పంచుతారు: సింక్ కోసం 12 బైట్లు, హెడర్‌కు 4, అసలు డేటాకు 2048, తప్పు పట్టే కోడ్‌కు 4, ఖాళీ 8, తప్పు దిద్దే కోడ్‌కు 276. పాటలో ఒక నమూనా పోతే ప్లేయర్ పక్క నమూనాలతో సర్దుకుంటుంది. ప్రోగ్రామ్‌లో ఒక బైటు తప్పినా పని చెడుతుంది కాబట్టి డేటాకు ఈ అదనపు రక్షణ అవసరమైంది.

మామూలు ఐఎస్ఓ ఆ 2048 బైట్లను మాత్రమే ఉంచుకుని తక్కినవి వదిలేస్తుంది. బిన్ ఫైళ్లు సాధారణంగా మొత్తం 2352 ఉంచుకుంటాయి. ట్రాక్, సమయం వంటి సమాచారం ఉండే సబ్‌చానల్ అనే మరో 96 బైట్లను కూడా కలిపి రాస్తే 2448.

ఇక ఉపయోగానికి వద్దాం. ప్రాపర్టీస్‌లో ఫైలు సైజును బైట్లలో చూసి 2048తో, 2352తో, 2448తో భాగించండి. శేషం లేకుండా భాగించబడే అంకె ఏదో అదే చాలావరకు సెక్టర్ సైజు. రెండిటితోనూ భాగించబడితే హెక్స్ ఎడిటర్‌లో మొదటి 12 బైట్లు చూడండి. 00, ఆపై వరుసగా పది ఎఫ్ఎఫ్‌లు, మళ్లీ 00 ఉంటే అది ముడి డేటా సెక్టర్, అంటే 2352 బైట్లనూ ఉన్నట్టే ఉంచినది. దానికి .ఐఎస్ఓ అని పేరు పెడితే మౌంట్ కాదు, ఎందుకంటే "సీడీ001" ఉండాల్సిన చోట ఉండదు. మోడ్1 ముడి ఇమేజ్‌లో అది 37,649వ స్థానానికి జరిగిపోతుంది.

ఏ ఎక్స్‌టెన్షన్ ఏ ప్రోగ్రామ్‌ది?

.ఐఎస్ఓ ఒక్కటే ఎవరి సొంతమూ కాదు. 1988లో వెలువడిన ఐఎస్ఓ 9660 ప్రమాణం నుంచి దానికి ఆ పేరు వచ్చింది. డీవీడీలు, బ్లూ-రేల ఇమేజ్‌లలో యూడీఎఫ్ ఫైల్ సిస్టమ్ ఉన్నా ఎక్స్‌టెన్షన్ మాత్రం .ఐఎస్ఓనే.

.బిన్, .క్యూ జంట సీడీఆర్‌విన్ తెచ్చింది. బిన్‌లో డేటా ఉంటుంది. క్యూ అన్నది ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైలు. .ఎన్ఆర్‌జీ నీరోది. .ఎండీఎఫ్, .ఎండీఎస్ ఆల్కహాల్ 120%వి. .సీసీడీ, .ఐఎంజీ, .సబ్ మూడూ క్లోన్‌సీడీవి, మూడూ ఒకేచోట ఉండాలి. .సీడీఐ డిస్క్‌జగ్లర్‌ది. .డీఏఏ పవర్‌ఐఎస్ఓది, .యూఐఎఫ్ మ్యాజిక్‌ఐఎస్ఓది, .ఐఎస్‌జెడ్ అల్ట్రాఐఎస్ఓది, ఈ మూడిటిలో డేటా కుదించి ఉంటుంది కాబట్టి పేరు మార్చి వాడటం కుదరదు. .డీఎంజీ యాపిల్‌ది.

.ఐఎంజీ విషయంలో జాగ్రత్త. ఫ్లాపీ ఇమేజ్, మెమరీ కార్డు ఇమేజ్, క్లోన్‌సీడీ ముడి ఇమేజ్, మామూలు ఐఎస్ఓ అన్నీ ఈ పేరుతోనే తిరుగుతుంటాయి. 14,74,560 బైట్లు ఉంటే 1.44 ఎంబీ ఫ్లాపీ అని చూడగానే చెప్పవచ్చు. తక్కినవాటికి భాగహారమే దారి. .బిన్ కూడా అంతే; రౌటర్ ఫర్మ్‌వేర్ కూడా .బిన్‌గానే వస్తుంది, దానికీ సీడీకీ ఏ సంబంధమూ లేదు.

.బిన్ ఉంది, .క్యూ పోయింది. ఏం చేయాలి?

డిస్కులో ఒకే డేటా ట్రాక్ ఉంటే నోట్‌ప్యాడ్‌లో మీరే రాసుకోవచ్చు. మొత్తం మూడు పంక్తులు, అన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో. మొదటి పంక్తిలో ఫైల్ అనే పదం, కొటేషన్ గుర్తుల మధ్య బిన్ ఫైలు పూర్తి పేరు, ఆపై బైనరీ అనే పదం. రెండో పంక్తిలో ట్రాక్ 01 మోడ్1/2352. మూడో పంక్తిలో ఇండెక్స్ 01 00:00:00. బిన్ పేరే పెట్టి, ఎక్స్‌టెన్షన్ .క్యూ అని ఇచ్చి, అదే ఫోల్డర్‌లో సేవ్ చేయండి. నోట్‌ప్యాడ్ వెనకాల .టీఎక్స్‌టీ తగిలించిందేమో చూసుకోండి.

మోడ్1ఓ మోడ్2ఓ తెలియకపోతే హెక్స్ ఎడిటర్‌లో 16వ బైటు (ఇక్కడ ఒకటి నుంచి లెక్కించాలి) చూడండి. 01 ఉంటే మోడ్1, 02 ఉంటే మోడ్2. ఆట డిస్కుల్లో డేటా ట్రాక్ తర్వాత ఆడియో ట్రాకులు ఉండటం మామూలే. వాటి హద్దులు బిన్‌లో రాసి ఉండవు కాబట్టి అసలు క్యూ దొరికితే తప్ప ఆ డిస్కు సరిగా తిరిగి రాదు.

క్యూ ఉన్నా పనిచేయని సందర్భంలో దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. బిన్ పేరు మార్చేసి ఉంటారు, క్యూలో పాత పేరే ఉంటుంది. లేదా బిన్ ఎప్పుడో వేరే డ్రైవులో ఉన్నప్పటి పూర్తి దారి రాసి ఉంటుంది. దారి తీసేసి పేరు ఒక్కటే ఉంచితే సరిపోతుంది.

ఐఎస్ఓను ఎలా తెరవాలి?

విండోస్ 8 నుంచి వేరే ప్రోగ్రామ్ అక్కర్లేదు. రైట్ క్లిక్ చేసి "మౌంట్" అంటే కొత్త డ్రైవ్ అక్షరంతో కనిపిస్తుంది. పని అయ్యాక ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి "ఎజెక్ట్" అనాలి. అప్పటిదాకా ఐఎస్ఓ ఫైలును చెరపనివ్వదు. మ్యాక్‌లో డబుల్ క్లిక్ చాలు. లినక్స్‌లో డెస్క్‌టాప్ నుంచైనా, లూప్ ఆప్షన్‌తో మౌంట్ కమాండ్ ఇచ్చైనా తెరవవచ్చు. క్యూ, ఎన్ఆర్‌జీ, ఎండీఎస్, సీసీడీ ఇమేజ్‌లకు విండోస్‌లో విన్‌సీడీఈము వాడవచ్చు. ఉచితం, ఓపెన్ సోర్స్.

రైట్ క్లిక్ చేస్తే "మౌంట్" కనబడటం లేదు.

విన్‌రార్, 7-జిప్ వంటి ఆర్కైవ్ ప్రోగ్రామ్ ఐఎస్ఓను తన పేరు మీద రాయించుకుని ఉంటుంది. ఐకాన్ చూస్తేనే తెలుస్తుంది. "ఓపెన్ విత్"లో "విండోస్ ఎక్స్‌ప్లోరర్" ఎంచుకోండి. శాశ్వతంగా మార్చాలంటే సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లో .ఐఎస్ఓ వెతికి అక్కడ మార్చండి.

మౌంట్ చేస్తే తప్పు సందేశం వస్తోంది.

ఫైలు ఎన్‌టీఎఫ్ఎస్ వాల్యూమ్‌లో ఉండాలి, కంప్రెస్ చేసిన ఫోల్డర్‌లో ఉండకూడదు అని విండోస్ చెబితే ఇమేజ్ పాడైందని తేల్చేయకండి. డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌లు కొన్ని ఫైలుకు "స్పార్స్" అనే గుర్తు పెడతాయి, విండోస్ అలాంటి ఫైలును మౌంట్ చేయదు. ఆ ఐఎస్ఓను అదే డ్రైవులో ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, కట్ కాదు. కొత్త నకలుకు సాధారణంగా ఆ గుర్తు ఉండదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్‌లో కంప్రెషన్ టిక్ ఉంటే తీసేయండి. ఇవన్నీ చేసినా కాకపోతే అప్పుడు హాష్ (ఫైలు డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి అక్షరాల వరుస) సరిచూడండి.

హాష్ సరిచూడటం ఎలా?

విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి "గెట్-ఫైల్‌హాష్", లినక్స్‌లో "ఎస్‌హెచ్ఏ256సమ్" కమాండ్ పక్కన ఫైలు పేరు ఇవ్వండి. 64 అక్షరాల వరుస వస్తుంది. ఇమేజ్‌ను విడుదల చేసినవారి సైట్‌లో ఇచ్చిన వరుసతో మొత్తం పోల్చాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ డౌన్‌లోడ్ చేయడమే. "దాదాపు సరిపోయింది" అనేది ఇక్కడ ఉండదు.

ఒక ఫార్మాట్ నుంచి ఐఎస్ఓకు మార్చవచ్చా?

ఒకే డేటా ట్రాక్ ఉన్న ఇమేజ్ అయితే నిక్షేపంగా మార్చవచ్చు. లినక్స్‌లో బిన్/క్యూకు బీచంక్, క్లోన్‌సీడీకి సీసీడీ2ఐఎస్ఓ, ఎన్ఆర్‌జీకి ఎన్ఆర్‌జీ2ఐఎస్ఓ ఉన్నాయి. ఒకే ట్రాక్ ఉన్న పాత ఎన్ఆర్‌జీలో ముందుండే 3,07,200 బైట్లను తీసేస్తే మిగిలేది ఐఎస్ఓనే, ఎందుకంటే నీరో 150 ఖాళీ సెక్టర్లను ముందు రాస్తుంది.

ఆడియో సీడీని ఐఎస్ఓ చేయడం అసాధ్యం. అందులో ఫైల్ సిస్టమే లేదు. ఆటలోని పాటలు పోయాయంటే ఎవరో బిన్/క్యూను ఐఎస్ఓ చేశారని అర్థం. కాపీ రక్షణ ఉన్న డిస్కులూ అంతే. సబ్‌చానల్ ఐఎస్ఓలోకి రాదు.

డీఎంజీ సంగతి వేరు. మ్యాక్ డిస్క్ యుటిలిటీలో "డీవీడీ/సీడీ మాస్టర్"గా కన్వర్ట్ చేస్తే .సీడీఆర్ వస్తుంది, దాన్ని .ఐఎస్ఓ అని మార్చుకోమని చాలాచోట్ల రాసి ఉంటుంది. అలా మార్చినా లోపలి ఫైల్ సిస్టమ్ యాపిల్‌దే కాబట్టి విండోస్ దాన్ని చదవదు. విండోస్‌కు కావాలంటే మ్యాక్‌లోని హెచ్‌డీఐయుటిల్ కమాండ్‌లోని "మేక్‌హైబ్రిడ్"తో కొత్త ఐఎస్ఓ తయారుచేయాలి. ఫైళ్లు మాత్రమే చాలనుకుంటే విండోస్‌లో 7-జిప్ చాలా డీఎంజీలను విప్పగలదు.

ఐఎస్ఓను యూఎస్‌బీకి కాపీ చేశాను, బూట్ కావడం లేదు.

కాపీ చేస్తే అది పెన్‌డ్రైవ్‌లో మరో ఫైలుగా పడి ఉంటుంది. రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో రాయాలి. యూఈఎఫ్ఐ (కొత్త రకం బూట్ వ్యవస్థ) కంప్యూటర్లకు పార్టిషన్ పద్ధతిగా జీపీటీ, పాత బయాస్ ఉన్నవాటికి ఎంబీఆర్ ఎంచుకోండి. చాలా లినక్స్ ఐఎస్ఓలు హైబ్రిడ్ రకం. లినక్స్‌లోని డీడీ కమాండ్‌తో నేరుగా రాసినా బూట్ అవుతాయి. విండోస్ ఐఎస్ఓలు హైబ్రిడ్ కావు, డీడీతో రాస్తే బూట్ కావు.

విండోస్ ఐఎస్ఓలో ఇంకో చిక్కు ఉంది. లోపలి ఇన్‌స్టాల్.విమ్ 4 జీబీ దాటితే ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్‌లో పట్టదు. రూఫస్ ఎన్‌టీఎఫ్ఎస్ వాడి దీన్ని దాటుతుంది. చేత్తో చేసేవారు విండోస్‌లోని డిస్మ్ కమాండ్‌తో 3800 ఎంబీ చొప్పున .ఎస్‌డబ్ల్యూఎం ముక్కలు చేసుకోవాలి.

డీడీ వాడేటప్పుడు ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో డిస్కు పేరూ సైజూ చూసుకుని గానీ ఎంటర్ నొక్కకండి. రాయాల్సింది మొత్తం డిస్కు మీద, అంటే ఎస్‌డీబీ మీద. ఎస్‌డీబీ1 అనే పార్టిషన్ మీద కాదు. పేరు తప్పితే మీ హార్డ్‌డిస్క్ మీదే రాసేస్తుంది. అది అడగదు, ఆపదు.

డిస్కు మీద రాశాను, అందులో ఒక్క ఐఎస్ఓ ఫైలే కనిపిస్తోంది.

ఐఎస్ఓను డేటా ఫైలుగా రాశారు. రైట్ క్లిక్ చేసి "బర్న్ డిస్క్ ఇమేజ్" ఎంచుకోవాలి, "వెరిఫై" టిక్ కూడా పెట్టండి. విండోస్ 11లో ముందు "షో మోర్ ఆప్షన్స్" నొక్కాల్సి రావచ్చు.

4.5 జీబీ ఇమేజ్ 4.7 జీబీ డీవీడీలో ఎందుకు పట్టదు?

డిస్కు తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ చూపే జీబీ 1,07,37,41,824 బైట్లు. ఆ లెక్కన డీవీడీలో పట్టేది సుమారు 4.38 జీబీ, డ్యూయల్ లేయర్‌లో 8.5 బదులు 7.96. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టర్లు ఉంటాయి: ఐఎస్ఓగా 703 ఎంబీ, అదే డిస్కు 2352 ముడి బిన్‌గా 807 ఎంబీ. 800 ఎంబీ బిన్ సీడీలో పట్టదని భయపడనక్కర్లేదు.

మెయిల్‌లో ఐఎస్ఓ వస్తే తెరవవచ్చా?

తెరవకండి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుకు విండోస్ ఒక హెచ్చరిక గుర్తు పెడుతుంది. ఐఎస్ఓ లోపలి ఫైళ్లకు ఆ గుర్తు అంటేది కాదు, దుండగులు దాన్నే వాడుకున్నారు. 2022లో మైక్రోసాఫ్ట్ సవరణ ఇచ్చింది, కానీ అప్‌డేట్ చేయని కంప్యూటర్లలో ఆ దారి ఇంకా తెరిచే ఉంది. పైగా బిల్లునో పత్రాన్నో ఐఎస్ఓలో పెట్టి పంపాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

.వీహెచ్‌డీ, .వీఎండీకే, .వీడీఐ కూడా డిస్క్ ఇమేజ్‌లేనా?

అవును, హార్డ్‌డిస్క్ ఇమేజ్‌లు. .వీహెచ్‌డీ, .వీహెచ్‌డీఎక్స్ మైక్రోసాఫ్ట్‌వి, .వీఎండీకే వీఎంవేర్‌ది, .వీడీఐ వర్చువల్‌బాక్స్‌ది, .క్యూకౌ2 క్యూఈఎంయూది. వీటిలో రాయవచ్చు కూడా. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడానికి క్యూఈఎంయూ-ఐఎంజీ సరిపోతుంది.

పాత సీడీలను భద్రపరచాలి. ఏ ఫార్మాట్ మంచిది?

డేటా డిస్కు, డీవీడీ అయితే ఐఎస్ఓ. ఆడియో, లేదా ఆడియో కలిసిన సీడీ అయితే బిన్/క్యూ. కాపీ రక్షణ ఉన్నవాటికి సబ్‌చానల్‌ను ఉంచే క్లోన్‌సీడీ మూడు ఫైళ్ల సెట్. ఒకే కంపెనీ ప్రోగ్రామ్ మాత్రమే తెరవగల కుదించిన ఫార్మాట్లలో మాత్రం దాచవద్దు. ఆ ప్రోగ్రామ్ ఆగిపోయిన రోజున ఇమేజ్ మీ దగ్గరే ఉన్నా అక్కరకు రాదు. స్థలం తగ్గించాలంటే ఐఎస్ఓను 7-జిప్‌తో కుదించండి.

గీతలు పడిన డేటా డిస్కుకు జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడండి, సెక్టర్ సైజు 2048 ఇవ్వండి. ఏ సెక్టర్లు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు తప్పకుండా పెట్టండి. చదవగలిగినదంతా ముందు తీసుకుని, మొండికేసిన సెక్టర్లకు తర్వాత తిరిగి వస్తుంది. ఒక డ్రైవ్ చదవలేని చోటును ఇంకో డ్రైవ్ చదవగలగడం తరచూ జరుగుతుంది. అదే మ్యాప్ ఫైలుతో డిస్కును వేరే డ్రైవులో పెట్టి నడిపితే మిగిలిన సెక్టర్లను మాత్రమే ప్రయత్నిస్తుంది. అన్నీ వచ్చాక హాష్ తీసి, ఇమేజ్ పక్కనే టెక్స్ట్ ఫైలులో రాసి ఉంచండి.